‘న్యూస్’లో నాలుగు దిక్కులు లేవు

నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే మాటల మొదటి అక్షరాలు కలిసి ‘న్యూస్’ అయిందనీ, నలుదిక్కుల నుంచీ వచ్చే కబుర్లు కాబట్టి వార్తలకు ఆ పేరు పెట్టారనీ ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. పాత పత్రికల తలకట్టు మీద వేసిన దిక్సూచి బొమ్మే ఈ మాటకు మూలమనీ, ‘న్యూస్’కు ఏకవచనం లేకపోవడమే అందుకు సాక్ష్యమనీ దానికి తోకలు కూడా తగిలించారు.

‘న్యూ’ అంటే కొత్త. ఆ విశేషణానికి బహువచనపు ‘ఎస్’ చేర్చి, ‘కొత్త సంగతులు’ అనే అర్థంలో 14వ శతాబ్దం చివర ఇంగ్లీషువారు వాడడం మొదలుపెట్టారు. అది వారి సొంత ఊహ కూడా కాదు. లాటిన్‌లో ‘నోవా’, ఫ్రెంచిలో ‘నువెల్’ అప్పటికే ‘కొత్త’ను బహువచనం చేసి పుట్టించిన మాటలు, వాటిని చూసి పోతపోసినదే ఇది. ‘ఏమిటి విశేషాలు?’ అని పలకరించుకునే మనకు ఈ పోకడ వింతగా తోచనక్కరలేదు. పైగా 16, 17 శతాబ్దాల రాతల్లో ‘డబ్ల్యూ’కూ ‘ఎస్’కూ నడుమ మరో ‘ఈ’ చేర్చి రాయడం మామూలు. దిక్కుల లెక్కే నిజమైతే, అప్పట్లో తూర్పు రెండుసార్లు ఉండేదనుకోవాలి!

వరుస కూడా కుదరదు. ఇంగ్లీషువారు దిక్కులను ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని చెబుతారు. దిక్సూచిని చుట్టి వచ్చినా తూర్పు తరువాత దక్షిణమే తగులుతుంది. మొదటి అక్షరాలను కూర్చి రాడార్, లేజర్ వంటి మాటలు చేయడం ప్రధానంగా 20వ శతాబ్దపు అలవాటు.

ఇక దిక్సూచి బొమ్మ సంగతి. ఇంగ్లీషులో అచ్చు వార్తాపత్రికలు 1620ల ప్రాంతంలోగాని మొదలు కాలేదు. అప్పటికి ఈ మాట వాడుకలోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. అయితే దిక్కుల చమత్కారం నేటిది కాదని ఒప్పుకోవాలి. 1640లో లండన్‌లో అచ్చయిన ఒక సరదా పద్యాల సంకలనంలోనే ఈ అక్షరాల ఆట ఉంది. శ్లేషకోసం కట్టిన పద్యాన్ని వ్యుత్పత్తిగా చదువుకోవడంలోనే పొరపాటంతా ఉంది.

ఏకవచనం లేదన్న వాదన నిజానికి తిరగబడుతుంది. చివరి ‘ఎస్’ బహువచన ప్రత్యయం కాబట్టే ‘న్యూస్’ను ఒకప్పుడు బహువచనంగా వాడేవారు, షేక్‌స్పియర్ నాటకాల్లో ‘ఈ వార్త’, ‘ఈ వార్తలు’ అనే రెండు పద్ధతులూ కనిపిస్తాయి. కాలక్రమంలో రూపం బహువచనంగానే మిగిలి, క్రియ మాత్రం ఏకవచనానికి మారింది. అందుకే నేడు ‘న్యూస్ ఈజ్’ అంటారు, ‘న్యూస్ ఆర్’ అనరు. లెక్కించే నామం కాదు కనుక ‘ఎ న్యూస్’ అనడమూ తప్పే, ఒక్క వార్తను చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ న్యూస్’ అనాలి.