సమాధి రాళ్ల మీది బొమ్మలకూ లెక్క కావాలి

గోదావరి డెల్టా ఒండ్రునేల. పునాదికి రాయి కావాలన్నా బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. అలాంటి పాలకొల్లులో సమాధి కోసం చెక్కిన రాతి పలకలు వేయించుకున్నవాళ్లు డచ్చివాళ్లు. మన పాత రికార్డుల్లో వలందులు. బట్టల వ్యాపారానికి పదిహేడో శతాబ్దంలో వచ్చి, 1825లో తమ స్థావరాలను ఇంగ్లిషువారికి అప్పగించి వెళ్లిపోయారు.

పేర్లు వాళ్లవే. ఉలి మాత్రం చాలావరకు ఈ తీరంలోని శిల్పులదే. కోరమాండల్ అని పిలిచే ఈ తూర్పు తీరంలో చెక్కిన సమాధి పలకలు ఓడలెక్కి బటేవియా (ఇప్పటి జకార్తా) దాకా వెళ్లాయి, అంత గిరాకీ! మన రాతి శాసనాల మీద సూర్యచంద్రులను చెక్కే సంప్రదాయంలో పెరిగిన చేతులు పుర్రెలు, ఇసుక గడియారాలు, వంశ చిహ్నాలు చెక్కాయి. బహుశా అర్థం తెలియకుండానే, కాగితం మీది బొమ్మ చూసి. అయినా పని ఎక్కడా తగ్గలేదని పక్కనున్న మచిలీపట్నం వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఆ డచ్చి శ్మశానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

ఈ బొమ్మలకు ఒక భాష ఉంది. లంగరు కనిపించగానే నావికుడి సమాధి అనుకుంటాం. కావచ్చు, కానీ క్రైస్తవ సంప్రదాయంలో అది ఆశకు గుర్తు. విరిగిన స్తంభం అర్ధాంతరంగా పోయిన ప్రాణం. తలకిందులుగా పట్టిన దివిటీ ఆరిపోయిన జీవితం. గొర్రెపిల్ల ఉంటే తరచూ పసిబిడ్డ సమాధి. పుర్రెలు, ఎముకలు పాతకాలపు అభిరుచి. పంతొమ్మిదో శతాబ్దానికి వాటి స్థానంలో ముసుగు కప్పిన కలశాలు, పూలదండలు వచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1847-52 నాటికి మృత్యువుకు ముఖమే మారిపోయింది.

1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధుల మీది రాతలను సేకరించి అచ్చువేయించారు. ఆయన దృష్టి రాతల మీద, చనిపోయినవారి చరిత్ర మీద. చెక్కడాలకు అలాంటి లెక్క ఇప్పటికైనా కావాలి. ఆ పుస్తకం పట్టుకుని పాలకొల్లు, నరసాపురం, కాకినాడ జగన్నాథపురం, ధవళేశ్వరం తిరిగి, ఏ రాయి మిగిలిందో, దాని మీద ఏ బొమ్మ ఉందో నమోదు చేయడం రాష్ట్ర పురావస్తు శాఖకు మోయలేని పనేమీ కాదు. ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో చాలు, అరిగిన గీత కూడా కనిపిస్తుంది.

తొందర ఎందుకంటే, ఉప్పుగాలి, నేల చెమ్మ కలిసి రాతి పైపొరను పెచ్చులుగా రాల్చేస్తాయి. దానికి మన భక్తిశ్రద్ధలు తోడవుతున్నాయి. పండగకు సున్నం కొడతాం, పగులుకు సిమెంటు పూస్తాం, మరీ ముచ్చటపడితే ఆయిల్ పెయింట్. సున్నం పొరల కింద బొమ్మ పూడిపోతుంది, సిమెంటు చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. యాసిడ్, వైరు బ్రష్ అసలే వద్దు. మంచినీళ్లు, మెత్తటి కుంచె చాలు. చర్చి కమిటీలు, పంచాయతీలు ఈసారి మరమ్మతులకు టెండరు పిలిచేటప్పుడు ఈ మాట షరతుల్లోనే రాయించాలి.