ఆ హోటల్లో పనివాళ్లే లేరా?

ఏ నవల తీసినా మళ్లీ అదే కథ! అమెరికాలో మిషిగన్‌లోని మాకినాక్ దీవి, 1890ల నాటి గ్రాండ్ హోటల్, వరండాలో గౌను సర్దుకుంటూ కథానాయిక. చారిత్రక ప్రేమకథ అని అట్ట మీద వేస్తారు, చరిత్ర మాత్రం అట్ట దాటి లోపలికి రాదు.

ఒకదాంట్లో డిసెంబరు మంచులో డాన్సు పార్టీ! 1887లో వేసవి విడిదిగా తెరిచిన హోటలండీ అది. దీవి చుట్టూ ఉన్న సరస్సు గడ్డకట్టే చలిలో అతిథులు ఎలా వచ్చారు? ఇంకోదాంట్లో 1910లో హీరో కారు దిగుతాడు. ఆ దీవిలో 1898లోనే మోటారు బళ్లు నిషేధించారు, ఇప్పటికీ గుర్రబ్బళ్లే! ఈ మాత్రం చూసుకోరా?

అసలు మంట వేరే ఉంది. 660 అడుగుల వరండా రోజూ ఎవరు ఊడ్చారు? అన్నన్ని దుప్పట్లు ఎవరు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశారు? గుర్రాల పేడ ఎవరు ఎత్తారు? పుస్తకం మొత్తం మీద ఒక్క పనిమనిషికీ పేరుండదు. నౌకరు ట్రే తెస్తాడు, మాయమైపోతాడు. అంతే! కథానాయిక జడపిన్నుల గురించి రెండు పేజీలు రాసే ఓపిక ఉంది కదా, ఒక్కసారి ఆ చాకిరేవు గదిలోకి కూడా వెళ్లండి. ప్రేమలు అక్కడ పుట్టవా?