మా కర్రికి వయసైపోయిందని మీకెవరు చెప్పారు?

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు. ముందు ఇది రాసేయాలి, లేకపోతే ఈ కోపమంతా ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది.

మా కర్రి మీ అందరికీ తెలుసు. పెద్దదయ్యాక మా ఇంటికొచ్చిన వీధికుక్క. దానికి ఎజిలిటీ, అంటే అడ్డంకులు గెంతుతూ దూరుతూ పరిగెత్తే కుక్కల ఆట, నేర్పడానికి తెల్లారకముందే గ్రౌండుకి తీసుకెళ్తాను. నాలుగు ఇటుకలు, రెండు పీవీసీ పైపులు, ఒక పాత వెదురు నిచ్చెన, ఇవే మా సామాను. ఎవరికీ అడ్డం లేకుండా ఓ మూల పెట్టుకుంటాం. ఇవాళ ఒక పెద్దమనిషి జర్మన్ షెపర్డ్ పిల్లని పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏటమ్మా ఇది, సర్కస్సా? ఇంత ముదురు కుక్క ఇంకేటి నేర్సుకుంటాది? మొక్కై వొంగనిది మానై వొంగుతాదేటి?" అన్నాడు. నడకకొచ్చిన నలుగురూ నవ్వారు.

సరే, అది పడ్డాను. శ్రీకాకుళంలో వీధికుక్కని పెంచేవాళ్ళకి మాటలు పడడం కొత్తా? ఆ తర్వాత చేసిన పనికే నా ఒళ్ళు మండిపోయింది. నా పైపు తీసి సిమెంటు బెంచీ అంత ఎత్తున పెట్టి, తన పిల్లని గెంతించాడు. ఐదు నెలల పిల్ల. చెవులు కూడా ఇంకా సరిగ్గా నిలబడలేదు, ఒకటి పక్కకి వాలిపోయే ఉంది. గెంతి ముందు కాళ్ళ మీద పడి, గడ్డం నేలకి కొట్టుకుంది. మళ్ళీ గెంతించాడు. "బాబాయ్ గారూ, ఎముకలు ముదరలేదు, వద్దండీ" అన్నాను. ఏమన్నాడో తెలుసా? "నీ కుక్కలాగ ఈదిలో దొరికింది కాదమ్మా ఇది. పాతికేలెట్టి తెచ్చినాను."

పాతికవేలు పెడితే ఎముకలు త్వరగా ముదురుతాయా?

కుక్కపిల్ల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. అక్కడి నుంచే ఎముక సాగుతుంది. చిన్న జాతుల్లో దాదాపు ఏడాదికి గట్టిపడితే, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. ఈలోగా ఎత్తు నుంచి పదేపదే దూకిస్తే ఆ పొర దెబ్బతిని కాలు వంకర పోవచ్చు, జన్మంతా కుంటొచ్చు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి గారి పేరు స్టేడియానికి పెట్టుకున్న ఊరండీ మనది! ఏ తాలింఖానాలోనైనా పాలపళ్ళు ఊడని పిల్లాడి చేత బరువులెత్తిస్తారా? మరి కుక్కపిల్ల విషయానికొచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఎజిలిటీ అనే ఈ ఆట 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో పుట్టింది. పోటీల మధ్య ఖాళీ సమయంలో జనానికి చూపించడానికి గుర్రాల జంపింగ్‌ని చూసి అల్లారు. గెంతడానికి అడ్డకర్రలు, దూరడానికి గొట్టం, ఎక్కి దిగడానికి ఇంటికప్పులా రెండు వైపులా వాలిన ఎ-ఫ్రేమ్, కాలు పెడితే ఒరిగే సీ-సా పలక, మెలికలు తిరుగుతూ పోవడానికి నిలువు కర్రలు ఉంటాయి. ఆ ఆట పుట్టిన బ్రిటన్‌లోనే కుక్కల సంఘమైన కెన్నెల్ క్లబ్ 18 నెలలు నిండని కుక్కని పోటీకి రానివ్వదు. కుక్కల సంఘాల అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌సీఐదీ అదే నిబంధన. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్ళు 15 నెలలు అంటారు. అంటే ఈ ఆటే ఎదిగిన కుక్కది! మీరు ముదురు అని నవ్వుతున్న వయసులోనే అసలు ఆట మొదలవుతుంది.

జాతి సంగతా? 2024లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ ఎజిలిటీ పోటీలో మొత్తం విజేతగా నిలిచింది నింబుల్ అనే మిశ్రమజాతి కుక్క. మిశ్రమజాతి కుక్క అక్కడ అలా గెలవడం అదే మొదటిసారి. ఈ ఆటకి కావలసింది కాళ్ళూ, బుర్రా, పక్కన పరిగెత్తే మనిషి మీద నమ్మకం. ఇవి మన వీధికుక్కకి లేవా? బస్సులు, ఆటోలు, రాళ్ళు విసిరే చేతులు, వీటన్నిటి మధ్యా బతికి బట్టకట్టిన కుక్కకి చురుకుదనం లేదంటారా?

ఎదిగిన కుక్కతో మొదలుపెట్టడానికి మొదట చేయాల్సింది గెంతించడం కానే కాదు. పశువుల డాక్టరుకి చూపించాలి. తుంటి, మోకాళ్ళు, గుండె చూడాలి. మన వైపు పిడుదుల జ్వరం ఎక్కువ కాబట్టి, కుక్క నీరసంగా ఉంటే రక్తపరీక్ష కూడా చేయించాలి. పక్కటెముకలు చేతికి తగలకపోతే ముందు బరువు తగ్గించాలి. గోళ్ళు కత్తిరించాలి. తారురోడ్డు మీదా సిమెంటు మీదా వద్దు, మట్టో గడ్డో ఉండాలి. ఎండెక్కాక అసలే వద్దు. మన ఉక్కపోతలో రొప్పినా ఒంటి వేడి దిగదు, వడదెబ్బకి కుక్క ప్రాణమే పోతుంది.

తర్వాత పైపుని నేల మీదే పెట్టి దాటించాలి. మొదట్లో కర్రి ముందుకాళ్ళు చక్కగా ఎత్తి వేసేది. వెనక కాళ్ళు ఉన్నాయన్న ధ్యాసే లేదు దానికి, పైపుని కూడా ఈడ్చుకుపోయేది. చాలా కుక్కలంతే, వెనకభాగం ఎటు పోతోందో పట్టించుకోవు. అందుకే నిచ్చెన. నేల మీద పరిచి, మెట్ల మధ్య ఒక్కో అడుగూ వేయిస్తూ నడిపించాలి. సరిగ్గా వేసిన ప్రతిసారీ ఉడకబెట్టిన కార్జం, గోరంత ముక్క. ఇప్పుడు కర్రి నిచ్చెనలోకి దిగేటప్పుడు తల వంచి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ తర్వాత నాలుగు కాళ్ళూ దేనికదే ఎత్తి వేస్తుంది. అది చూసినప్పుడు నాకు కలిగే సంతోషం నవ్వినవాళ్ళకి ఎలా చెప్పను?

ఒరిగే సీ-సా పలక దాకా అయితే ఇంకా రాలేదు. ఇటుక మీద పలక పెట్టి, అది టప్పుమన్నప్పుడల్లా కార్జం పెడుతున్నాను. టపాకాయకి మంచం కింద దూరే కుక్క అది. చప్పుడంటే భయం పోయాకే సీ-సా. తొందరేముంది?

తొందర అంటే ఆ ట్రైనర్ గుర్తొచ్చాడు. చెప్పకుండా ఉండలేను. కర్రి వచ్చిన కొత్తలో ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. అడ్వాన్స్ తీసుకున్నాకే దాని వంక చూశాడు. "నాటుది, పైగా పెద్దది, రెండు నెలల పిల్లని తెచ్చుకోండి మేడమ్" అన్నాడు. పోనీ అని ఊరుకోలేదు. ఇనప గొలుసు మెడకేసి పైకి గుంజాడు. ముందుకాళ్ళు గాల్లోకి లేచాయి, కర్రి ఉచ్చ పోసేసింది. "కుక్క మనకి భయపడాలి మేడమ్, అప్పుడే మాట వింటది" అన్నాడు. నేను గొలుసు లాక్కుని వచ్చేశాను. డబ్బు తిరిగివ్వలేదు. డబ్బు పోతే పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరు మెడ దగ్గర చెయ్యి పెట్టినా కర్రి నేలకి అతుక్కుపోయేది. దానికి ఎవరు బాధ్యులు?

ఎజిలిటీ బరిలో తాడు ఉండదు. పరుగు మధ్యలో కుక్కని చేత్తో తాకకూడదు, తిండి చూపించకూడదు. గొంతూ, చేతి సైగా, మనం తిరిగే తీరూ, అంతే. భయంతో పెంచిన కుక్క తాడు విప్పగానే గేటు వైపు పరిగెడుతుంది, మన వైపు కాదు. కొట్టి నేర్పడమే ట్రైనింగ్ అనుకునేవాళ్ళు ఉన్నంతకాలం మన జిల్లాలో ఈ ఆట ఎలా వస్తుంది? వేలు పోసి తెచ్చిన హస్కీల్ని మేడ మీద రేకుల కింద కట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి "ఎవరైనా తీసుకుంటారా" అని వాట్సాప్‌లో ఫోటో పెడతారు. ఆ ఫోటోలోది కూడా ఎదిగిన కుక్కే కదండీ! దాన్నెవరూ అడగరు. అందరికీ పిల్లే కావాలి.

ఆ పెద్దమనిషి ఇది చదివితే ఒకటే చెప్తున్నాను. బాబాయ్ గారూ, మీ పిల్ల ముందు కాలు మీద బరువు సరిగ్గా మోపట్లేదు, నేను చూశాను. ఇవాళే డాక్టరుకి చూపించండి. ఏడాదిన్నర దాకా ఎత్తు గెంతులు వద్దు. పిలిస్తే రావడం, నేల మీది పైపు దాటడం నేర్పండి చాలు. నా నిచ్చెన కావాలంటే వాడుకోండి.

ఇంకో మాట. నాలాగే ఎదిగిన కుక్కలున్నవాళ్ళు శ్రీకాకుళంలో, ఆమదాలవలసలో ఉన్నారని తెలుసు, మీ మెసేజీలు చూస్తూనే ఉన్నాను. ప్రహరీ ఉన్న ఖాళీ స్థలం ఎవరికైనా ఉంటే చెప్పండి. పది సెంట్లు చాలు, గాజుపెంకులు లేని మట్టినేల అయితే మంచిది. అద్దె ఇస్తాం, ఊడ్చి అప్పగిస్తాం. ఇటుకలూ పైపులూ మావే. మీరు కుక్కనీ, మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్‌నీ, చిన్న గిన్నెలో నీళ్ళనీ తెచ్చుకోండి.