పాతది వద్దు, పేరు కుట్టించుకోండి

ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌లో ఒక కొట్టాయన మాకు టీ ఇచ్చి, జరీ కుట్టిన తోలు పర్సు ఒకటి బయటికి తీసి, ఇది రెండు వందల ఏళ్ల నాటిది అన్నాడు. మా ఆయన కళ్లు మెరిశాయి. నాకేమో టెన్షన్. టర్కీలో 1983 నాటి 2863 నంబరు చట్టం ఒకటుంది, దాని ప్రకారం పురాతన వస్తువుల్ని అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. అంటే ఆయన చెప్పింది అబద్ధమైతే డబ్బులు పోతాయి, నిజమైతే ఎయిర్‌పోర్టులో మనమే పోతాం!

అసలు ఆ పర్సుల సంగతి తెలిస్తే పాతదాని కోసం వెతకబుద్ధి కాదు. 18వ శతాబ్దంలో వ్యాపారం మీదో, రాయబారుల వెంటో కాన్‌స్టాంటినోపుల్ (ఇస్తాంబుల్ పాత పేరు) వెళ్లిన యూరప్ వాళ్లు వీటిని కుట్టించుకుని ఇంటికి తెచ్చుకునేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇలాంటివి ఉన్నాయి. మడిచే మూత, లోపల ఉత్తరాలూ కాగితాలూ పెట్టుకునే అరలు, పైన వెండి జరీతోనూ బంగారు పూత జరీతోనూ పూలు, లతలు. చాలావాటి మీద సొంతదారు పేరు, ఊరి పేరు, ఏడాది కూడా అదే జరీతో ఉంటాయి. తోలుకి సూది చిల్లు పడితే ఇక పూడదు కదా, అందుకని జరీని లోపలికి గుచ్చి లాగకుండా పైన పరిచి సన్నటి దారంతో పట్టేస్తారు. మన మగ్గం వర్క్ జాకెట్ల మీద జరీ పరిచి కుట్టే పని చూసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

నేననేది ఇదే. ఆ యూరప్ వాళ్లు పాత సామాను కొనలేదు, తమ పేరుతో కొత్తది చేయించుకున్నారు. మనం మాత్రం వాళ్ల పేరున్న పర్సుకి వేలు పోస్తాం, లేదంటే ఫ్రిజ్‌కి అతికించే మాగ్నెట్ ఒకటి కొనుక్కొస్తాం. మా ఫ్రిజ్ మీద పదకొండున్నాయి, ఏది ఏ ఏడాది కొన్నామో ఇద్దరికీ గుర్తులేదు.

ఆ పర్సు వదిలేసి పక్క సందులో కొత్త తోలు పర్సు తీసుకున్నాం. మా ఇంటిపేరు, ఇస్తాంబుల్, 2023 అని కాగితం మీద తెలుగులో రాసిస్తే, ఆ కుర్రాడు బొమ్మ గీసినట్టు చూసి చూసి మర్నాటికల్లా కుట్టిచ్చాడు. ఇస్తాంబుల్‌లో త ఒత్తు మాత్రం జారి పక్క అక్షరం కిందకి పోయింది. సరిచేయమని మా ఆయన అడగబోతే నేనే ఆపాను.