ట్విస్ట్ కాదు, పని చేసే తీరే కూర్చోబెడుతుంది
దొంగతనం సినిమా ఆడాలంటే చివర్లో ట్విస్ట్ అదిరిపోవాలి అని మీ పోస్టులో రాశారు గానీ నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది, ట్విస్ట్ ఒక్కసారే పనిచేస్తుంది, రెండోసారి కూడా మనల్ని కూర్చోబెట్టేది దొంగలు ఆ పని చేసే తీరే. 1955లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా రిఫిఫి చూడండి, నగల షాపు దోచే సీన్ దాదాపు అరగంట, ఒక్క డైలాగ్ లేదు, మ్యూజిక్ కూడా లేదు. అలారం చిన్న కుదుపుకే మోగే రకం, అందుకని పైఅంతస్తులో నేలకి కన్నం పెట్టి అందులోంచి గొడుగు దూర్చి కింద తెరుస్తారు, రాలే పెళ్లలన్నీ దాంట్లోనే పడేలా. ఆ గొడుగు చూస్తూ నేను ఊపిరి బిగబట్టేశా, ఇంట్లో కూర్చుని నేనెందుకు చప్పుడు చెయ్యకుండా ఉన్నానో నాకే తెలీదు. ఇప్పుడేమో ఒకడు లాప్‌టాప్‌లో నాలుగు కీలు నొక్కుతాడు, తలుపులు తెరుచుకుంటాయి, ఇంక టెన్షన్ ఎక్కడినుంచి వస్తుంది. ఇంకోటి, ప్లాన్ మొత్తం ముందే పూసగుచ్చినట్టు చెప్పేసి అచ్చం అలాగే జరిగితే బోర్, చెప్తే ఎక్కడో బెడిసికొట్టాలి, లేదంటే దాచాలి. కానీ దాచడం వేరు మోసం చెయ్యడం వేరు, చివర్లో ఫ్లాష్‌బ్యాక్ వేసి బ్యాగ్ అప్పుడే మార్చేశాం అంటే ఎలా, ఒక్క క్లూ అయినా ముందు కనపడాలిగా. అసలు దొంగతనమే చూపించని రిజర్వాయర్ డాగ్స్ (1992) సినిమా కూడా నిలబడిందంటే మాలో పోలీసోడు ఎవడు అన్న ఆ దొంగల అనుమానం వల్లే, మనుషుల మధ్య ఆ గొడవ గురించి మీరు ఒక్క లైన్ కూడా రాయలేదు.