సవరణ: డవాలు అంటే బిళ్ళ కాదు

గుర్తింపు కార్డులు, బ్యాడ్జీల మీద వచ్చే గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) ఆధారాల గురించి మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. 'బంట్రోతు ఒంటిమీద హోదా (3)' అనే ఆధారానికి (బ్రాకెట్‌లోది జవాబుకు పట్టే గడుల లెక్క) జవాబు 'డవాలు' అని చెప్పి, అంటే ఇత్తడి బిళ్ళ అని వివరించాను. జవాబు సరే, వివరణ తప్పు.

డవాలు అంటే బంట్రోతు భుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా వేసుకునే పట్టీ. దానికి తగిలించే ఇత్తడి ముక్క పేరు బిళ్ళ. అందుకే 'బిళ్ళ బంట్రోతు', 'డవాలు బంట్రోతు' అని రెండు మాటలూ ఉన్నాయి. రెండూ ఒకే మనిషి మీద ఉంటాయి కాబట్టి నేను కలిపేశాను. ఒక పాఠకుడు ఎత్తి చూపాక పాత నిఘంటువు తీసి చూస్తే ఆయన మాటే నిజం. నిఘంటువు చూడకుండా రాయడం నా పొరపాటే.

నా మాట నమ్మి 'జవాను ఇత్తడి గుర్తు (2)' దగ్గర డవాలు పట్టక తల పట్టుకున్నవాళ్ళు 'బిళ్ళ' అని రాసుకోండి. ళ్ళ ఒత్తుతో కలిపి ఒకే గడి.

ఇంకొకటి, ఇది తప్పు కాదు, నేను సరిగ్గా చెప్పకపోవడం. 'పన్నెండంకెల గుర్తింపు (3)' లో బ్రాకెట్‌లోది గడుల లెక్క, కార్డు మీది అంకెల లెక్క కాదు. జవాబు 'ఆధార్'. ఆ, ధా, ర్: పొల్లుకీ ఒక గడి.