ట్రామప్పకి, పర్లాకిమిడి నుంచి

ట్రామప్పా,

మా వైపు అక్కని అప్పా అంటాం, మరోలా అనుకోకు. కలకత్తాలో నువ్వు 1873లో గుర్రాల వెనక బయల్దేరితే, మా రాజావారి బుల్లి రైలు, మేం చిన్నబండి అనేది, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి కూసుకుంటూ వచ్చింది. వరసకి నీకు చెల్లెలు. ఆ చెల్లెలి తరఫునే ఈ ఉత్తరం.

2024 సెప్టెంబరులో నిన్ను ఆపేస్తామనీ, మైదానం–ఎస్‌ప్లనేడ్ మధ్య మాత్రం వారసత్వంగా ఉంచుతామనీ అక్కడి సర్కారు అన్నప్పుడు నాకు గుండె గతుక్కుమంది. వారసత్వం అన్నారంటే గోడకి మేకు కొట్టేసినట్టే. ఇక దండొక్కటే బాకీ.

ఇప్పటికే 1938 నాటి నీ బండి ఒకటి ఎస్‌ప్లనేడ్‌లో స్మరణిక మ్యూజియం అయి కూచుందట. ఒక పెట్టెలో పాత టికెట్లు, ఇంకో పెట్టెలో కాఫీ! ఏటి చేస్తాం, కదిలినన్నాళ్లూ నిన్ను తిట్టినవాళ్లే కదలకపోతే ఫొటో దిగుతారు.

మా చిన్నబండిని నేను మరీ ఎత్తెయ్యను. రెండున్నర అడుగుల పట్టా మీద ఊగుతూ పోయేది. కాశీనగరం దాటాక కిటికీలోంచి నిప్పురవ్వ ఎగిరొచ్చి నా కొత్త చొక్కా జేబు పక్కన శనగగింజంత కన్నం పెట్టింది. అమ్మ నన్నే కొట్టింది. 2004లో పట్టాల వెడల్పు పెంచాలని, అదే గేజి మార్పని, ఆపేశారు. తర్వాత పెద్దబండి వచ్చింది, హాయిగానే ఎక్కుతున్నాను. దానికి మసి లేదు, నాకు సిగ్గూ లేదు.

అయితే నీ సంగతి వేరు. నీకు కావలసింది పెయింటు డబ్బా కాదు. తీగలో 550 వోల్టుల కరెంటు, తారు కింద కప్పెట్టకుండా వదిలిన పట్టా, అరిగిన చక్రానికి అంచు తీర్చే ఫిట్టరు, వాడి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. వీటిల్లో రిబ్బను కట్టడానికి వీలున్నది ఒక్కటీ లేదు, అదీ నీ ఖర్మ.

రేపు నిన్ను బాగుచేస్తామని ఎవరైనా వస్తే ముందు చేతులు చూడు. గ్రీజు ఉంటే లోపలికి రానియ్యి. పూలదండ ఉంటే డిపో గేటు వేసెయ్యి. డ్రైవరు తిప్పే ఆ ఇత్తడి పిడిని మాత్రం పాలిష్ పట్టనివ్వకు. ఎన్ని అరచేతులు తిప్పితే అలా అరిగిందో, మళ్లీ అన్ని అరచేతులు ఎక్కడ దొరుకుతాయి?

ఉంటానప్పా. గుణుపూరు బండికి టికెట్టు తియ్యాలి.

నీ చెల్లెలి ఊరివాడు